ఉపాధి పనా, డ్వాక్రా అప్పా, సబ్సిడీ యూనిటా: పేద ఇంటికి ఏది మేలు?

ఏ స్కీం మంచిదని ఊళ్లో అడిగితే "ఏది వస్తే అది" అంటారు. ఎగతాళిగా అన్నా అందులో అనుభవం ఉంది. ఎన్ని కోట్లు కేటాయించారో పేపర్లో వస్తుంది కానీ, అడిగినవాడిని "నీకు లేదు పో" అనే అధికారం ఎవరి చేతిలో ఉందో రాదు. నేను ఏ పథకాన్నయినా ముందు చూసేది అదే.

ఆ లెక్కన ఉపాధి హామీకి సాటి లేదు. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైన ఈ పథకంలో లబ్ధిదారుల ఎంపిక అనే తంతే లేదు. జాబ్ కార్డు ఉన్న ఇల్లు పని అడిగితే 15 రోజుల్లో చూపించాలి, లేదంటే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. మే నెల ఎండలో పలుగు పట్టడానికి డబ్బున్నవాళ్లు ఎలాగూ రారు కాబట్టి, పేదల్ని వెతికే పని ఆఫీసుకు తప్పింది. ఆడా మగా ఇద్దరికీ ఒకటే రేటు. పొలం కూలిలో ఇప్పటికీ ఆ మాట చెప్పలేం. కాంట్రాక్టర్లకు చోటు లేదు. సోషల్ ఆడిట్‌లో మస్టరు, అంటే హాజరు పట్టీ, ఊరి మధ్య చదువుతారు. ఎప్పుడో వలస వెళ్లినవాడి పేరు అందులో వినబడితే, వాడి హాజరు ఎవరు వేశారని అడగడానికి జనం అక్కడే ఉంటారు. ఇంత బాహాటంగా లెక్క చెప్పే స్కీం నాకు ఇంకోటి కనబడలేదు.

లోపాలు లేవని కాదు. 2025-26లో రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రోజు కూలి 307 రూపాయలు. అయితే కూలి కట్టేది కొలతల మీద కాబట్టి, గట్టి నేల పడిన గ్రూపుకి అంతే చెమట ఓడ్చినా తక్కువే పడుతుంది. హాజరు కోసం మేట్ (కూలీల గ్రూపుని చూసుకునే మనిషి) ఫోన్లో రోజుకి రెండు ఫోటోలు ఎక్కాలి. సిగ్నల్ అందని చోట అదో టెన్షన్. కూలి 15 రోజుల్లో పడాలన్న నిబంధనకి ఎన్నిసార్లు నీళ్లొదిలారో కూలీలకే తెలుసు. ఇక కూలీలు దొరకడం లేదన్న రైతుల గొడవ ఎప్పట్నుంచో ఉంది. ఈ ఉపాధి హామీ చట్టం బదులు 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త చట్టం హామీని 100 రోజుల నుంచి 125కి పెంచింది. కానీ సాగు పనుల సీజన్లో 60 రోజులు పనులు ఆపే వీలు కల్పించి, ఖర్చులో 40 శాతం రాష్ట్రాల నెత్తిన పెట్టింది. ఖజానా ఖాళీ అని రోజూ వింటున్న రాష్ట్రాల్లో ఆ 125 కాగితం మీద మిగిలిపోతుందేమోనని నా అనుమానం.

సబ్సిడీ యూనిట్ల సంగతి వేరు. కేంద్రం 2008లో తెచ్చిన పీఎంఈజీపీ తీసుకోండి, సొంతంగా చిన్న యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు అప్పు మీద సబ్సిడీ ఇచ్చే పథకం. పల్లెటూళ్లో ఒక ఎస్సీ మహిళ 10 లక్షలతో కారం మిల్లు పెడుతుందనుకుందాం. ఆమె 50 వేలు పెట్టుకోవాలి, బ్యాంకు 9.5 లక్షలు ఇస్తుంది. సబ్సిడీ 35 శాతం, అంటే 3.5 లక్షలు. అది చేతికి రాదు. ఆమె పేరున మూడేళ్లు బ్యాంకులోనే ఉంటుంది. ఆ మేరకు అప్పు మీద వడ్డీ పడదు, యూనిట్ నడుస్తోందని తేలాక అప్పులో జమవుతుంది. మూడేళ్లు నడిచినవాళ్లకే డబ్బు దక్కేలా పెట్టిన ఈ మెలిక నాకు నచ్చింది. నచ్చనిది బ్యాంకు గుమ్మం. ఆ 50 వేలు కూడబెట్టలేని ఇల్లు అక్కడిదాకా రానే రాదు. వచ్చినవాళ్లకు పాత బాకీ ఒక్కటి బయటపడితే చాలు, ఫైలు పక్కకు పోతుంది.

ఆ గుమ్మాన్నే తీసేస్తే? తెలంగాణ 2021లో దళితబంధుతో అదే చేసింది. ఎస్సీ కుటుంబానికి 10 లక్షలు, బ్యాంకు లింకు లేదు, తిరిగి కట్టక్కర్లేదు. ఆలోచన గొప్పది. హుజూరాబాద్‌లో మొత్తం నియోజకవర్గానికి ఇస్తామన్నారు. మిగతా చోట్ల మొదట నియోజకవర్గానికి 100 కుటుంబాలు. వేలమంది ఉన్న చోట వందమందే అన్నాక జాబితా ఎవరిది? ఎమ్మెల్యేది. అది హైకోర్టు దాకా వెళ్లింది. బ్యాంకు మేనేజర్ వద్దనుకుంటే ఆ కుర్చీలో నాయకుడు కూర్చున్నాడు. పైగా చాలామంది వాహనాలే ఎంచుకున్నారు. ఒకే ఊళ్లో అన్ని బండ్లు దిగితే కిరాయి ఎక్కణ్ణుంచి వస్తుంది? 2023 చివర్లో ప్రభుత్వం మారాక పథకం ముందుకు కదల్లేదు.

డ్వాక్రాని ఉపాధి పథకంగా చూస్తే నిరాశే. గ్రూపుకి 10 లక్షలు వస్తే పదిమందీ తలా లక్ష పంచుకుంటారు. అది పిల్లల ఫీజుకో ఆపరేషన్‌కో ఇంటి స్లాబుకో పోతుంది. వ్యాపారం పెట్టేది ఏ ఒకరిద్దరో. అలాగని తీసిపారేయలేం. నూటికి మూడు రూపాయలు, ఐదు రూపాయల వడ్డీ నుంచి బయటపడటమే చాలా ఇళ్లకు ఆదాయం కింద లెక్క. కాదనే అధికారం కూడా చాలావరకు తోటి సభ్యులదే. వాళ్లకి మీ ఇంటి పరిస్థితి తెలుసు, మీరు కిస్తీ ఎగ్గొడితే వాళ్ల మీద పడుతుందనీ తెలుసు. గ్రూపులో చోటు దొరకని బొత్తిగా లేని ఆడమనిషికి మాత్రం ఈ దారి మూసుకున్నట్టే.

కాబట్టి భూమి లేని ఇంటికి నేను చెప్పేది: జాబ్ కార్డు వదులుకోవద్దు, ఎంత చిన్న పొదుపైనా గ్రూపులో ఉండండి. పీఎంఈజీపీ జోలికి వెళ్లేది ఇప్పటికే చిన్నగా సరుకు చేసి అమ్ముతూ, కొనేవాళ్లు ఉన్నారని తెలిసినవాళ్లే. సబ్సిడీ కోసం వ్యాపారం వెతుక్కునేవాళ్లకి అది అప్పే అవుతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే, ఉచితం. "సబ్సిడీ నేను ఇప్పిస్తా, ముందు నాకింత కట్టు" అనే మనిషి ఎదురైతే ఆ డబ్బు మీ వాటా 50 వేలల్లో కలుపుకోండి.