దూరాన ఉన్న జట్టుకు గూగుల్ డాక్స్ ఎంతవరకు అక్కరకొస్తుంది?

దూరవిద్యలో పీజీ చదువుతున్న మా అయిదుగురిలో ఇద్దరం తిరుపతిలో ఉంటాం. మిగిలిన ముగ్గురు కుప్పం, పలమనేరు, శ్రీకాళహస్తిలలో ఉద్యోగాలు చేసుకుంటున్నారు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారి గురించి మేము సమర్పించిన ప్రాజెక్టు నివేదిక మొత్తం గూగుల్ డాక్స్‌లోనే తయారైంది. అందరూ ఒకేసారి ఒకే పుటలో రాయవచ్చునన్న సంగతే ఈ సేవకు ఎక్కువ పేరు తెచ్చింది గానీ, తలా ఒక వేళ తీరిక దొరికే మాలాంటి వారికి దానివల్ల కలిగే మేలు కొంచెమే. ఎవరు ఏమి రాశారో, ఎప్పుడు దేనిని చెరిపారో విప్పి చూపే వెర్షన్ హిస్టరీయే దీని అసలు విలువ అని నా అభిప్రాయం.

జట్టు ప్రాజెక్టు అనగానే పని ఒకరిది, మార్కులు అందరివి అన్న తగువు తప్పదు. ఈ చరిత్రలో ఒక్కొక్కరి రాత ఒక్కో రంగులో, తేదీతో, సమయంతో సహా కనబడుతుంది కాబట్టి ఆ తగువుకు చోటు తగ్గుతుంది. అయితే, రాతను మాత్రమే అది లెక్కపెడుతుందని మరువరాదు. ఎండలో పనివారి ఇళ్లకు తిరిగి వివరాలు సేకరించిన మనిషి శ్రమ అందులో ఒక్క అక్షరంగానైనా కనబడదు. అందుకే మేము ఆ లెక్కను వేరుగా ఒక షీటులో రాసుకున్నాం.

ఒక రాత్రి మాలో ఒకరు ఫోనులో రంగుల తయారీ భాగాన్ని పైకి జరపబోయి మొత్తం చెరిపేశారు. మరునాటి ఉదయం చూసేసరికి మిగిలినవారు కింది అధ్యాయాల్లో చాలా రాసి ఉన్నారు. ఇలాంటప్పుడు 'రిస్టోర్' నొక్కితే ఫైలంతా పాత స్థితికి వెళ్లి, తరువాత రాసినదంతా పక్కకు పోతుంది. పాత వెర్షన్‌ను తెరిచి, కావలసిన భాగాన్ని మాత్రమే నకలు చేసి తెచ్చుకోవడం మేలు. అధ్యాయం పూర్తయిన ప్రతిసారీ ఆ వెర్షన్‌కు ఒక పేరు పెట్టుకుంటే వెతుకులాట తగ్గుతుంది. ఒక్కో డాక్యుమెంటులో అలా 40 వరకు పేర్లు పెట్టుకోవచ్చు.

రెండవ మంచి ఏర్పాటు సజెస్టింగ్ పద్ధతి. ఒకరి వాక్యాన్ని మరొకరు నేరుగా దిద్దితే నొచ్చుకునేవారు ఉంటారు. ఇందులో దిద్దుబాటు పక్కన సూచనగా నిలుస్తుంది, రాసినవారో, దిద్దే అనుమతి ఉన్న మరొకరో ఒప్పుకుంటేనే వాక్యం మారుతుంది. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీటిలో నానబెట్టడం కంటే ముందే పటిక పూత వస్తుందన్నట్టు ఒక పేరాలో వరుస తారుమారైంది. శ్రీకాళహస్తి మిత్రుడు దాని పక్కన "అక్కా, ముందు కరక్కాయ, ఆ తరువాత కసిమితో (నల్లరంగుతో) గీతలు, ఎరుపు రావలసిన చోట పటిక. ఒకసారి చూడండి" అని రాశాడు. ఫోనులో అరగంట పట్టే చర్చ ఒక్క వ్యాఖ్యతో తేలిపోయింది.

అనుమతుల విషయంలో మాత్రం జాగ్రత్త అవసరం. గైడ్ గారికి వ్యాఖ్యలు రాసే అనుమతి మాత్రమే ఇస్తే వెర్షన్ హిస్టరీ వారికి కనబడదు. ఎవరి వాటా ఎంతో వారు చూడాలంటే ఎడిటర్ (దిద్దే) అనుమతి ఇవ్వవలసిందే. ఎడిటర్లు ఇతరులను చేర్చకుండా ఆపే అమరిక షేరింగ్ సెట్టింగుల్లో ఉంది, దానిని ముందే సరిచేసుకోవాలి.

మాలో ఇద్దరికి కంప్యూటర్ లేదు. ఫోనులో రాయడం, వ్యాఖ్యానించడం, సూచించడం బాగానే సాగుతాయి గానీ, పట్టికలు సర్దే పని కంప్యూటర్ ఉన్నవారి మీదే పడుతుంది. ఫైలును ముందుగా ఆఫ్‌లైన్‌కు గుర్తు పెట్టుకుంటే, మొగిలి ఘాట్‌లో బస్సు వెళ్తుండగా సిగ్నల్ పోయినా రాసుకోవచ్చు. నెట్ రాగానే ఆ మార్పులు చేరిపోతాయి. మాట్లాడుకోవడానికి వాడే ఉచిత గూగుల్ మీట్ వీడియో సమావేశంలో ముగ్గురు, అంతకు మించి ఉంటే 60 నిమిషాలే గడువు. మా మాటలు సాగదీసే అలవాటుకు అది మంచి మందే అయింది.

తెలుగులో రాసేవారికి మండలి, మల్లన్న, సూరన్న, రామభద్ర వంటి ఖతులు (ఫాంట్లు) ఇందులో దొరుకుతాయి, పుట నిండా చదవడానికి నాకు మండలి నచ్చింది. తెలుగులో గొంతుతో టైపు చేసే సౌకర్యమూ ఉంది. చిక్కంతా అచ్చు దగ్గరే. డీటీపీ కేంద్రాల్లో చాలామంది ఇప్పటికీ ఈ ఖతులతో పొసగని పాత పద్ధతి అను ఫాంట్ల మీదే పనిచేస్తారు. వర్డ్ ఫైలు ఇస్తే మన ఖతి అక్కడి కంప్యూటర్‌లో లేక పుటలు, పేజీ సంఖ్యలు చెదరిపోయే అవకాశం ఉంది కాబట్టి, పీడీఎఫ్ చేసి ఇవ్వడమే క్షేమం.

ఖర్చు లేదు గానీ నిల్వకు హద్దు ఉంది. ఉచితంగా ఇచ్చే 15 జీబీని జీమెయిల్, ఫోటోలు, డ్రైవ్ పంచుకుంటాయి. రాత ఫైళ్లు పట్టే చోటు కొంచెమే, ఇంటర్వ్యూల వీడియోలు మాత్రం దానిని చప్పున నింపేస్తాయి. ఇక ఫైలు ఎవరి ఖాతాలో పుట్టాలన్నది మొదటిరోజే తేల్చుకోవలసిన విషయం. కాలేజీ ఇచ్చిన ఖాతాలో మొదలుపెట్టిన ఫైలు యాజమాన్యాన్ని వ్యక్తిగత ఖాతాకు బదలాయించడం కుదరదు. కోర్సు ముగిసి ఆ ఖాతా మూతపడే లోపు కాపీ చేసుకోవచ్చు గానీ, ఆ కాపీ వెంట వెర్షన్ హిస్టరీ రాదు.