వాషింగ్టన్ రాష్ట్రంలో అభ్యర్థి ఎంపిక: కాకస్ మేలా, పోస్టు ప్రైమరీ మేలా?

అమెరికా అధ్యక్ష పదవికి తమ పార్టీ అభ్యర్థి ఎవరన్నది తేల్చడానికి 2016 మార్చి 26న వాషింగ్టన్ రాష్ట్ర డెమోక్రాట్లు కాకస్ (పేటలవారీ సభ) పెట్టుకుంటే బెర్నీ శాండర్స్‌కు దాదాపు 73 శాతం మద్దతు వచ్చింది, హిలరీ క్లింటన్‌కు 27. రెండు నెలలు తిరక్కుండానే, మే 24న, అదే రాష్ట్రంలో పోస్టు ఓట్లతో ప్రైమరీ (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ఎన్నిక) జరిగితే క్లింటన్ 52 శాతంతో గెలిచారు. కాకస్‌కు వచ్చినవాళ్లు సుమారు 2,30,000 మంది. ప్రైమరీలో డెమోక్రాట్ ఓటు వేసినవాళ్లు 8 లక్షల పైచిలుకు. అయినా పార్టీ లెక్కలోకి తీసుకున్నది కాకస్‌నే. అభ్యర్థిని ఖాయం చేసే పార్టీ మహాసభకు ఈ లెక్కన వెళ్లే 101 మంది ప్రతినిధుల్లో 74 మంది శాండర్స్‌కే పోయారు. ప్రభుత్వం డబ్బు పెట్టి నడిపిన ఎన్నిక, ఆ పార్టీకి మటుకు, ఉత్త అభిప్రాయ సేకరణగా మిగిలిపోయింది.

మన దగ్గర బీ-ఫారం ఎవరికన్నది అధిష్ఠానం తేలుస్తుంది. అక్కడ ఆ పని కూడా ఓటర్లదే. సియాటెల్ చుట్టుపక్కల రెడ్‌మండ్, బెల్‌వ్యూ, సమామిష్, బాథెల్‌లలో ఇళ్లు కొనుక్కుని, పౌరసత్వం కూడా తీసుకున్న తెలుగువాళ్లకు ఇది కొత్త హక్కు. (గ్రీన్‌కార్డు, హెచ్1బి వాళ్లకు ఓటు లేదు, అడగొద్దు.)

కాకస్ అంటే దాదాపు మన గ్రామసభే. 2016 దాకా వాషింగ్టన్ డెమోక్రాట్లది ఇలా నడిచేది. శనివారం పొద్దున పదింటికి బడిలోనో కమ్యూనిటీ హాల్లోనో ఆ పేటవాళ్లు కూడతారు. పేరు, తాము ఎవరి వైపో కాగితం మీద రాసి సంతకం చేస్తారు. ఒక లెక్క తీస్తారు. తర్వాత లేచి వాదించుకుంటారు. ఎవరికైనా మనసు మారితే కాగితం దిద్దుకోవచ్చు. ఆఖరి లెక్కను బట్టి ఎవరి తరఫున ఎంతమంది పై సమావేశానికి వెళ్లాలో తేలుతుంది. అక్కడి నుంచి ఇంకో మెట్టు, ఆపైన మరొకటి.

ఇందులో మంచి లేదనను. రాజకీయం మాట్లాడుకోవడమంటే వాట్సాప్‌లో ఫార్వర్డులు చేయడమేనన్న ఈ రోజుల్లో, పక్కింటాయన ఎదురుగా నిలబడి తన అభ్యర్థి ఎందుకు మేలో చెప్పడం, మనం ఎదురు ప్రశ్న వేయడం చిన్న విషయం కాదు. పార్టీకి కొత్త కార్యకర్తలు కూడా అక్కడే దొరుకుతారు. కానీ శనివారం షిఫ్టు ఉన్న నర్సు మాటేమిటి? చంటిపిల్ల తల్లి? ఇంగ్లీషులో నలుగురి ముందు వాదించడానికి బిడియపడే పెద్దాయన? ఉద్యోగం, అనారోగ్యం, మతపరమైన కారణాలతో రాలేనివాళ్లు ముందే ఫారం పంపొచ్చని ఏర్పాటైతే ఉండేది. అది తెలిసి పంపేది కూడా ఎలాగూ రాజకీయాల్లో ఉండేవాళ్లే. పైగా అంతా బహిరంగం. పక్క కుర్చీలో మీ ఆఫీసు మేనేజర్ కూర్చుంటే?

2016 తేడా మొత్తాన్ని కాకస్ మీదికి నెట్టడం మాత్రం న్యాయం కాదు. మే నాటికి క్లింటన్ గెలుపు దాదాపు ఖాయమైపోయింది. పైగా లెక్కకు రాని ఓటు వేయడానికి శాండర్స్ అభిమానులు కొందరు బద్ధకించి ఉండొచ్చు. అయితే 2008 చూడండి. కాకస్‌లో ఒబామాకు 68 శాతం, పది రోజుల తర్వాత ప్రైమరీలో 51. గెలిచింది ఆయనే, కానీ కాకస్ ఆయన బలాన్ని ఎంత పెంచి చూపించిందో తెలుస్తోంది. ఉత్సాహవంతుల సభలో ఉత్సాహవంతుల అభ్యర్థికే లాభం.

ప్రైమరీ కావాలని జనం సంతకాలు సేకరించి పెట్టిన అర్జీని శాసనసభ 1989లోనే చట్టం చేసింది. డెమోక్రాట్లు దాన్ని పట్టించుకోవడానికి ముప్పై ఏళ్లు పట్టింది. 2019లో ప్రైమరీ తేదీని మార్చి నెల రెండో మంగళవారానికి మార్చారు, పార్టీ కాకస్ మానేసింది. 2020లో వాళ్ల ప్రైమరీకి 15 లక్షలకు పైగా ఓట్లు వచ్చాయి. బ్యాలెట్ ఇంటికే వస్తుంది. వంటింటి బల్ల మీద తీరిగ్గా నింపి, స్టాంపు ఖర్చు లేకుండా పోస్టు చేయొచ్చు, లేదా ఎన్నిక రోజు రాత్రి ఎనిమిదిలోపు డ్రాప్‌బాక్సులో వేయొచ్చు. నా ఓటు దీనికే.

కాకపోతే తీరిక మరీ ఎక్కువైతే ఇబ్బందే. 2020లో బ్యాలెట్లు ఫిబ్రవరిలోనే ఇళ్లకు చేరాయి, ఎన్నిక మార్చి 10న. ఈలోపు పోటీలో ఉన్న బుటిజెజ్, క్లోబుచార్, బ్లూమ్‌బర్గ్, వారెన్ వరసగా తప్పుకున్నారు. త్వరపడి వాళ్లకు ఓటేసినవాళ్ల ఓటు గంగలో కలిసింది. వారెన్‌కు 9 శాతం, బ్లూమ్‌బర్గ్‌కు దాదాపు 8 శాతం వచ్చాయి, బైడెన్‌కు శాండర్స్‌కు మధ్య తేడా చూస్తే ఒకటిన్నర శాతం కూడా లేదు! కాకస్‌లో అయితే ఆ ఓటర్లంతా కాగితం దిద్దుకునేవాళ్లు. దీనికి మందు మళ్లీ కాకస్ కాదు, అభ్యర్థులకు 1, 2, 3 అని వరస ఇచ్చే బ్యాలెట్. మొదటివాళ్లు పోటీలో లేకపోతే ఓటు వరసలో తర్వాతివాళ్లకు పోతుంది. అదే ఏడాది అలాస్కా, హవాయి, కాన్సస్, వ్యోమింగ్ డెమోక్రాట్లు అది వాడారు. వాషింగ్టన్ కూడా వాడితే నాకింక ఫిర్యాదు ఉండదు.

నవంబరులో జరిగే అసలు ఎన్నిక సంగతి క్లుప్తంగా. రాష్ట్రంలో ఎక్కువ ఓట్లు వచ్చినవాళ్లకే 12 మంది ఎలెక్టర్లూ (జనం తరఫున అధ్యక్షుడికి ఓటేసేవాళ్లు). 1984లో రేగన్ తర్వాత ఇక్కడ రిపబ్లికన్ గెలిచింది లేదు. 2016లో గెలిచిన క్లింటన్‌కు మాత్రం పన్నెండులో ఎనిమిదే దక్కాయి. పార్టీ ఎంపిక చేసి పంపిన ఎలెక్టర్లే పోటీలోనే లేనివాళ్లకు, ముగ్గురు మాజీ విదేశాంగ మంత్రి కొలిన్ పావెల్‌కు, ఒకరు ఆదివాసీ ఉద్యమకారిణి ఫెయిత్ స్పాటెడ్ ఈగిల్‌కు ఓటేశారు. తలా వెయ్యి డాలర్ల జరిమానా పడింది. ముగ్గురు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు, 2020లో ఓడిపోయారు. ఏతావాతా ఇక్కడి ఓటరుకు అధ్యక్షుడి విషయంలో నిజమైన ఎంపిక ఉండేది మార్చిలోనే.

ఆ మార్చి కవరు మీద ఒక మెలిక ఉంది. వాషింగ్టన్‌లో ఓటరు నమోదులో పార్టీ రాయక్కర్లేదు, మిగతా పదవులకు జరిగే ఆగస్టు ప్రైమరీలో ఎవరికైనా వేయొచ్చు. మార్చిలో మాత్రం కవరు మీద డెమోక్రాట్ లేదా రిపబ్లికన్ గడిలో టిక్ పెట్టి సంతకం చేయాలి. మీరు ఎవరికి వేశారన్నది రహస్యమే గానీ, ఏ పార్టీ గడి నింపారన్నది బహిరంగ రికార్డు, పార్టీలకు కూడా అందుతుంది. ఇష్టం లేక రెండు గడులూ వదిలేస్తే ఆ ఓటు లెక్కపెట్టరు.