గిట్ బైసెక్ట్: ఏళ్ల తరబడి వాడాక

"మొన్నటిదాకా బాగానే పనిచేసింది, ఇప్పుడు చెడింది" అనే రకం బగ్ వస్తే నేను ముందు డీబగ్గర్ (కోడ్‌ని అడుగడుగునా ఆపి చూసే పనిముట్టు) తెరవను. గిట్ బైసెక్ట్ మొదలుపెడతాను: కోడ్ మార్పుల చరిత్రని దాచే గిట్‌లో, ఏ మార్పుతో తప్పు మొదలైందో వెతికిపెట్టే కమాండ్ ఇది.

తప్పు కనిపిస్తున్న కమిట్‌ని (గిట్‌లో దాచిన ఒక్కో మార్పుని కమిట్ అంటారు) బ్యాడ్ అని, బాగున్న పాత కమిట్‌ని గుడ్ అని చెప్పాలి. మధ్యలో ఉన్నదాన్ని అదే తీసి ఇస్తుంది, పరీక్షించి తీర్పు చెప్పడం మన పని. ప్రతిసారీ సగం పోతాయి కాబట్టి 1000 కమిట్‌లున్నా 10 పరీక్షల్లో తేలిపోతుంది. 2000 అయితే ఇంకొక్కటి, అంతే. ఆ కోడ్ గురించి మనకి ఓనమాలు రాకపోయినా పరవాలేదు.

చేత్తో చేయడం విసుగు. అసలు సుఖం బైసెక్ట్ రన్‌లో ఉంది: ఒక్కో కమిట్‌ని మన బదులు పరీక్షించే స్క్రిప్ట్ (చిన్న ప్రోగ్రాం) ఇచ్చి వేరే పని చూసుకోవచ్చు. స్క్రిప్ట్ ముగుస్తూ తిరిగిచ్చే అంకె (ఎగ్జిట్ కోడ్) 0 అయితే గుడ్, 1 నుంచి 127 దాకా ఏదొచ్చినా బ్యాడ్. ఒక్క 125 మాత్రం "దీన్ని వదిలెయ్" అని. బైసెక్ట్‌ని తిట్టుకునేవాళ్లలో చాలామందికి ఈ 125 సంగతి తెలియదని నా అనుమానం. బిల్డే అవ్వని (కోడ్ నుంచి నడిచే ప్రోగ్రాం తయారవని) కమిట్‌ని బ్యాడ్ అని లెక్కేస్తే వెతుకులాట ఇంకెక్కడికో పోతుంది. స్క్రిప్ట్‌ని రిపోజిటరీ (కోడ్, దాని చరిత్ర ఉండే ఫోల్డర్) బయట పెట్టుకోండి, లోపలుంటే పాత కమిట్‌కి వెళ్లగానే అదీ పాతదైపోవచ్చు, అసలు లేకుండానూ పోవచ్చు.

ఒకసారి వచ్చి ఒకసారి రాని బగ్‌ల దగ్గర మాత్రం ఇది నమ్మదగ్గది కాదు. ఒక్క తీర్పు తప్పితే చాలు, ఏ పాపం ఎరగని కమిట్‌ని పట్టుకొచ్చి దొంగ దొరికాడంటుంది. అలాంటప్పుడు ఒక్కో కమిట్ మీద టెస్ట్‌ని పదులసార్లు తిప్పి, ఒక్కసారి ఫెయిలైనా బ్యాడ్ అంటాను. అప్పటికీ గుడ్ అన్నవాటి మీద అనుమానం మిగులుతుంది. బైసెక్ట్ లాగ్‌ని (అప్పటిదాకా చెప్పిన తీర్పుల జాబితాని) ఫైల్‌లో దాచుకుంటే, తప్పు తీర్పు నుంచి కిందున్న లైన్లు తీసేసి బైసెక్ట్ రీప్లేతో మిగతా తీర్పుల్ని మళ్లీ నడిపి అక్కడినుంచి సాగొచ్చు.

మొదలుపెట్టేముందు పాత గుడ్ కమిట్‌ని ఇవాళ మళ్లీ నడిపి చూడాలి. అదీ ఫెయిలైతే సమస్య డేటాలోనో, సర్వర్ సెట్టింగ్‌లోనో, లైబ్రరీ వెర్షన్‌లోనో ఉండొచ్చు. కమిట్‌లు ఎంత తవ్వినా దొరకదు.

నెల పనంతా ఒకే కమిట్‌లో కుక్కే టీమ్‌లకి దీనివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు. మూడువేల లైన్ల కమిట్‌ని చూపించి ఊరుకుంటుంది, ఆపైన డీబగ్గరే గతి. మెర్జ్‌లు (విడిగా నడిచిన బ్రాంచ్‌ల పనిని అసలు కోడ్‌లో కలపడాలు) ఎక్కువుంటే 2020లో వచ్చిన ఫస్ట్-పేరెంట్ ఆప్షన్ వాడండి, బ్రాంచ్‌లలోని సగం సగం కమిట్‌ల జోలికి పోదు.