పీఎస్5 తీసుకోవాలా, ఎక్స్‌బాక్సా? నల్లగొండ ఇంటి లెక్క

ఎక్స్‌బాక్స్ మైక్రోసాఫ్ట్‌ది, పీఎస్5 (ప్లేస్టేషన్ 5) సోనీది. రెండూ టీవీకి తగిలించి గేములు ఆడే మిషన్లు, అంటే కన్సోళ్లు. మన దేశంలో ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్, ఎస్ అనే రెండు రకాలు 2020 నవంబర్ 10న వచ్చాయి. పీఎస్5 కోసం 2021 ఫిబ్రవరి 2 దాకా ఆగాల్సి వచ్చింది. విడుదలప్పుడు సిరీస్ ఎక్స్, డిస్క్ ఉన్న పీఎస్5 రెండూ రూ.49,990, సిరీస్ ఎస్ రూ.34,990.

సిరీస్ ఎస్ చవకే, కానీ డిస్క్ పెట్టే చోటే లేదు. 512 జీబీ మోడల్‌లో గేములకు మిగిలేది 364. వంద జీబీవి మూడు ఎక్కిస్తే, నాలుగోదానికి ఒకటి తీసేయాలి. దాన్ని మళ్లీ దించాలంటే 40 ఎంబీపీఎస్ నెట్ లైనులో అయిదున్నర గంటలు! దేవరకొండ వైపు నెట్ సరిగా రాని ఇంటికి డిస్క్ మిషనే నయం. అప్‌డేట్లు ఎట్లాగూ దించాలి గానీ, ఆడినంక డిస్క్ అమ్ముకోవచ్చు.

జాగా సిరీస్ ఎక్స్‌లో ఎక్కువ: 802 జీబీ. మొదట వచ్చిన పీఎస్5లో 667. అయితే 2021 సెప్టెంబర్ అప్‌డేట్ తర్వాత పీఎస్5లో బయట దొరికే ఎం.2 ఎస్ఎస్‌డీ (జాగా పెంచే చిన్న పట్టీ లాంటి కార్డు) బిగించుకోవచ్చు, దానికి హీట్‌సింక్ (వేడి లాగే లోహపు రేకు) మాత్రం ఉండాలి. ఎక్స్‌బాక్స్‌లో జాగా పెంచాలంటే దాని కోసమే చేసిన కార్డే కావాలి. పాత ఎక్స్‌బాక్స్ 360 డిస్కుల్లో కొన్ని మాత్రమే సిరీస్ ఎక్స్‌లో నడుస్తాయి. పీఎస్3వి పీఎస్5లో నడవవు.

కరెంటు సంగతి రెండింటికీ ఒకటే. గేము సేవ్ అవుతుండగా కరెంటు పోతే ఫైలు పాడవొచ్చు. ఇన్వర్టర్ వెనక మీటను యూపీఎస్ మోడ్‌లో పెట్టాలి. మామూలు మోడ్‌లో కరెంటు నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణంలోనే కన్సోల్ ఆగిపోవచ్చు. టీవీతో కలిపి 600 వీఏ ఇన్వర్టర్ బొటాబొటి. ఎండకాలంలో గోడకు 10 సెంటీమీటర్లు వదలండి, సిరీస్ ఎక్స్ పైన ఏదీ పెట్టకండి. వేడిగాలి అటే పోతుంది.