జిమ్నీకి 40 మి.మీ. లిఫ్ట్ కిట్: ఎత్తు కన్నా ముందు బరువు చూడండి

నా అయిదు తలుపుల జిమ్నీ (సుజుకి చిన్న ఫోర్‌వీల్ డ్రైవ్ బండి) కింద ఇప్పుడున్నది 40 మి.మీ. లిఫ్ట్ కిట్, అంటే బండిని అంత ఎత్తు లేపే సామాను. నాలుగు కాయిల్ స్ప్రింగులు, నాలుగు షాక్ అబ్జార్బర్లు, ముందు ఆర్మ్‌లకు క్యాస్టర్ బుష్‌లు, బంప్ స్టాప్‌లను (చక్రం మరీ పైకి వచ్చినప్పుడు దెబ్బ కాసే రబ్బర్లు) పొడిగించే ముక్కలు, బ్రేక్ హోస్‌లు లాగుకుపోకుండా వాటిని కిందికి దించే బ్రాకెట్లు. చివరి మూడూ పెట్టెలో ఉన్నాయని చూశాకే కొన్నాను. స్ప్రింగులు, షాకులు అందరూ ఇస్తారు. మిగతావి కూడా ఇచ్చారంటే, వాళ్లు ఆ బండిని నిజంగా ఎత్తి, కింద దూరి చూశారన్నమాట. ఇలాంటి కిట్లు చాలా కంపెనీలు అమ్ముతున్నాయి కాబట్టి పేరు జోలికి పోకుండా, పెట్టెలో ఏముండాలో, ఎందుకుండాలో చెబుతాను.

ఈ బండి నా చేతికి వచ్చేటప్పటికే దానికి స్పేసర్ లిఫ్ట్ ఉంది. అంటే అసలు స్ప్రింగ్ మీద ఒక మందపాటి రింగు పెట్టి బాడీని పైకి లేపడం. బయటి నుంచి చూస్తే బండి దర్జాగానే ఉంటుంది. కానీ షాకులు కంపెనీ ఇచ్చిన పొడవే. స్పేసర్ తినేసిన మేరకు చక్రం కిందికి దిగే జాగా తగ్గిపోతుంది. గుంతలో ఒక చక్రం దిగగానే షాకు పూర్తిగా సాగిపోయి 'టక్' మని కొట్టుకునేది. ఆ క్షణంలో మొత్తం యాక్సిల్ (ఇరుసు) బరువంతా షాకు మీదే వేలాడుతుంది. చక్రం ఇంకా కిందికి దిగలేక గాల్లో తిరుగుతుంది. ఆఫ్ రోడ్ బండికి ఎత్తు ఎందుకు కావాలనుకుంటామో, దానికి సరిగ్గా ఎదురు పని చేస్తుందది. మట్టి రోడ్డు దిగని వాళ్లకు, కేవలం చూపు కోసం కావాలనుకునే వాళ్లకు స్పేసర్లు సరిపోతాయేమో. రాళ్ల దారిలో నాకు పనికిరాలేదు.

లిఫ్ట్ వల్ల ఏం వస్తుంది, ఏం రాదు అన్న విషయంలో చాలామందికి స్పష్టత లేదు. జిమ్నీకి ముందూ వెనకా రెండు చక్రాలనూ కలిపే ఒకే గట్టి యాక్సిల్ ఉంటుంది. మధ్యలో ఉబ్బెత్తుగా కనిపించే డిఫరెన్షియల్ (డిఫ్, రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల పెట్టె) ఆ యాక్సిల్‌లోనే ఉంది. సస్పెన్షన్ ఎంత లేపినా అది అంగుళం కూడా పైకి రాదు. లేచేది బాడీ, ఛాసిస్ మాత్రమే. డిఫ్ కింద జాగా పెరగాలంటే టైర్ పెద్దది కావాలి, అదీ పెరిగిన వ్యాసంలో సగమే దక్కుతుంది. మరి లిఫ్ట్ ఎందుకంటే, కోణాల కోసం. అయిదు తలుపుల జిమ్నీకి కంపెనీ చెప్పే అప్రోచ్ కోణం (ముందు బంపర్ తగలకుండా ఎక్కగల వాలు) 36 డిగ్రీలు, బ్రేకోవర్ (కడుపు తగలకుండా గట్టు దాటగల కోణం) మాత్రం 24. మూడు తలుపుల దానికి ఇదే 28. తేడా అంతా వీల్‌బేస్‌లో, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరంలో ఉంది: పొట్టిదానికి 2250 మి.మీ., పొడుగుదానికి 2590. గట్టు ఎక్కి దిగేటప్పుడు పొడుగు బండికి కడుపు తగులుతుంది. 40 మి.మీ. లేపితే ఆ కోణం, లెక్క ప్రకారం, సుమారు మూడున్నర డిగ్రీలు పెరుగుతుంది. వినడానికి చిన్న అంకె. మునుపు గీసుకుంటూ దాటిన గట్ల మీద ఇప్పుడు అడుగున శబ్దం లేదు. నేను కోరుకున్నది అంతే.

ఇక అసలు విషయం. కొనేవాళ్లందరూ మొదట అడిగేది 'ఎన్ని అంగుళాలు?' అని. అడగాల్సింది 'నా బండి రోజూ ఎంత బరువు మోస్తుంది?' అని. ఒకే 40 మి.మీ. కిట్‌లో స్ప్రింగులు రెండు మూడు రకాల గట్టిదనంతో వస్తాయి. ఖాళీ బండికొకటి, ఎప్పుడూ కొంత సామాను ఉండే బండికొకటి, ఇనుప బంపర్, వించ్ (తాడుతో బండిని లాగే యంత్రం) బిగించిన వాళ్లకు ఇంకొకటి. ఇనుప బంపర్, వించ్ కలిస్తే ముక్కు మీద ఒక మనిషిని కూర్చోబెట్టినంత బరువు, అదీ ఎప్పటికీ దిగని మనిషి. ఆ బరువు లేకుండా దానికోసం చేసిన స్ప్రింగ్ వేస్తే బండి చెప్పినదానికన్నా ఎక్కువ లేస్తుంది, ప్రతి గతుకుకీ ఎగిరిపడుతుంది, చక్రం నేలను పట్టుకోదు.

అందుకే కొనే ముందు బండిని వేబ్రిడ్జి మీదికి తీసుకెళ్లాను. టూల్ బాక్స్, నీళ్ల క్యాన్లు, టెంటు, ఎప్పుడూ వెంట ఉండే సామానంతా ఎక్కించి, మొదట ముందు చక్రాలు మాత్రమే, తర్వాత మొత్తం బండి. తీసివేస్తే వెనక బరువు తెలిసిపోతుంది. ఆ కాగితం చేతిలో ఉంటే ఎవరూ మనకు తప్పు స్ప్రింగ్ అంటగట్టలేరు. నాకు ముందు మామూలు బంపరే, వించ్ లేదు. "రేపైనా బంపర్ పెట్టుకుంటారు కదా సార్, గట్టిదే వేసుకోండి" అని అమ్మేవాళ్లు బాగానే బతిమాలారు. ముందు మెత్తనిదే తీసుకున్నాను, వెనక మధ్యరకం. రేపటి బంపర్‌కి రేపు స్ప్రింగ్ మార్చుకోవచ్చు. అప్పటిదాకా ఇంట్లోవాళ్ల నడుములు ఎందుకు విరగ్గొట్టాలి?

షాకుల్లో ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం), మోనోట్యూబ్ (ఒకే గొట్టం) అని రెండు దారులు. మోనోట్యూబ్‌లో నూనె బయటి గోడకే తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది, వేగంగా గతుకుల దారి తొక్కేవాళ్లకు అదే మేలు. కానీ రాయి తగిలి ఆ గోడ సొట్టపోతే పిస్టన్ పట్టేస్తుంది. ట్విన్ ట్యూబ్‌లో బయటి గోడ సొట్టపోయినా లోపలి గొట్టం పని చేస్తూనే ఉంటుంది. నేను వెళ్లే దారుల్లో వేగం తక్కువ, రాళ్లు ఎక్కువ. అందుకే ట్విన్ ట్యూబ్. ఏ రకమైనా ఒక్క సంగతి మాత్రం చూడాలి: షాకు పూర్తిగా సాగినప్పటి పొడవు, పూర్తిగా ముడుచుకున్నప్పటి పొడవు. ముడుచుకున్న పొడవు పెరిగితే బంప్ స్టాప్ కూడా అంతమేరకు కిందికి రావాలి. లేకపోతే పెద్ద గుంతలో దెబ్బ రబ్బరు మీద కాకుండా షాకు మీద పడుతుంది.

క్యాస్టర్, అంటే ముందు చక్రాల వాలు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే 'లిఫ్ట్ చేయించాక బండి రోడ్డు మీద తేలుతోంది' అని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. సైకిల్ ముందు ఫోర్క్ వాలుగా ఉంటుంది కదా, ఆ వాలు వల్లే చక్రం తనంతట తాను నేరుగా వస్తుంది. కారు ముందు చక్రాలకూ అలాంటి వాలు ఉంటుంది. జిమ్నీలో ముందు యాక్సిల్‌ను రెండు పొడవాటి ఆర్మ్‌లు పట్టుకుని ఉంటాయి. ఛాసిస్ పైకి లేవగానే ఆ ఆర్మ్‌లు కిందికి వాలి, యాక్సిల్ కొద్దిగా ముందుకు తిరుగుతుంది, వాలు తగ్గుతుంది. మలుపు తిరిగాక స్టీరింగ్ వెనక్కి రావడానికి బద్ధకిస్తుంది, హైవే మీద చేతులు ఊరికే సర్దుతూ ఉండాల్సి వస్తుంది. పక్కకు జరిగిన రంధ్రం ఉన్న క్యాస్టర్ బుష్‌లు వేస్తే యాక్సిల్ మళ్లీ పాత కోణానికి దగ్గరగా వస్తుంది. 40 మి.మీ.కి ఈ బుష్‌లు సరిపోయాయి. అంతకన్నా చాలా ఎత్తుకు వెళ్లేవాళ్లకు బ్రాకెట్లో, కొత్త ఆర్మ్‌లో కావాలి. ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ (ముందు యాక్సిల్‌కు శక్తిని తెచ్చే కడ్డీ) కోణం, వణుకు అనే ఇంకో బెడద కూడా మొదలవుతుంది. స్టీరింగ్ వణుకుతోందని స్టీరింగ్ డ్యాంపర్ మార్చి సరిపెట్టుకోవద్దు. అది వణుకును దాస్తుంది, కారణాన్ని తీసేయదు. ముందు కింగ్ పిన్ బేరింగులు (చక్రం పక్కకు తిరిగే కీలు దగ్గరివి), బుష్‌లు, వీల్ బ్యాలెన్స్ చూపించుకోండి.

బిగింపు రోజు నేను పక్కనే నిలబడ్డాను, మీరూ నిలబడండి. ఆర్మ్‌ల బోల్టులు, పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకు జరగకుండా పట్టుకునే కడ్డీ) బోల్టులు బండి జాకీ మీద ఉన్నప్పుడు చేత్తో బిగించి వదిలేయాలి. చక్రాలు నేల మీద పెట్టి, బండి బరువు స్ప్రింగుల మీద పడ్డాకే పూర్తి టార్క్ (బిగింపు బలం) ఇవ్వాలి. గాల్లో బిగించేస్తే రబ్బరు బుష్‌లు బండి దిగగానే మెలితిరిగి అలాగే ఉండిపోతాయి, త్వరగా చిరుగుతాయి, బండి కూడా సరైన ఎత్తులో కూర్చోదు. మా మెకానిక్ అన్నకు ఇది ముందే తెలుసు, "కింద పెట్టాకే సార్" అని తనే అన్నాడు. ఆ మాటతో నాకు సగం టెన్షన్ తీరింది. చక్రాలు పూర్తిగా వేలాడుతున్నప్పుడు బ్రేక్ హోస్‌లు, ఏబీఎస్ వైర్లు ఎక్కడా బిగుసుకోవడం లేదని కూడా చేయి పెట్టి చూశాం. తర్వాత అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల ఎత్తు. లైట్లు దించకపోతే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతున్నట్టే. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మళ్లీ బిగించాలి, ఇది మాత్రం మరవకండి.

ఎంత లేచిందో కొలిచేటప్పుడు నేల నుంచి కాదు, చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా కొలవాలి. టైర్‌లో గాలి తేడా అప్పుడు లెక్కలోకి రాదు. నాకు ముందు 46, వెనక 38 మి.మీ. వచ్చింది. ముందు చెప్పినదానికన్నా ఎక్కువ రావడం నాకు నచ్చలేదు. స్ప్రింగులు కూర్చున్నాక కొంచెం తగ్గింది కానీ ముక్కు ఇప్పటికీ కాస్త ఎత్తే. పాన్‌హార్డ్ రాడ్ సర్దుబాటు చేసుకునేది ఈ కిట్‌లో లేదు. బండి లేచినప్పుడు ఆ రాడ్ యాక్సిల్‌ను ఒక పక్కకు నెడుతుంది. ఈ ఎత్తులో అది కొన్ని మిల్లీమీటర్లే, నడకలో తెలియదు, కానీ వెనక నుంచి చూస్తే నా కంటికి కనబడుతుంది. విడిగా కొనాలి. ఇచ్చిన బిగింపు కాగితం కూడా నాసిరకం. టార్క్ అంకెలు ఒక్కటీ లేవు, బండి సర్వీస్ మాన్యువల్ నుంచి తీసుకోవాల్సి వచ్చింది.

టైర్లు 195/80 ఆర్15 నుంచి 215/75 ఆర్15కి మార్చాను. వ్యాసం 693 నుంచి సుమారు 703 మి.మీ.కి వచ్చింది, డిఫ్ కింద దక్కింది 5 మి.మీ. 235/75 అయితే 733 దాటుతుంది, డిఫ్ కింద 20 మి.మీ. వస్తుంది. కానీ స్పీడోమీటర్ లెక్క ఆరు శాతం దాకా తప్పుతుంది, చిన్న ఇంజన్‌కు గేర్లు బరువెక్కుతాయి. నాకు అవసరం అనిపించలేదు.

ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది) ఉన్న బండ్లకు లెక్క వేరు. అక్కడ ఎత్తు పెరిగేకొద్దీ సీవీ జాయింట్ల (చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టుల కీళ్ల) కోణం, బాల్ జాయింట్లు ఇబ్బంది పెడతాయి, 50 మి.మీ. దగ్గర ఆగడం మంచిది. పైన కంట్రోల్ ఆర్మ్ మార్చాలా అని అడిగి తెలుసుకోండి. ఏ బండైనా మీ దగ్గరి రవాణా నిబంధనలు, ఇన్సూరెన్స్ షరతులు ముందే చదవండి. బండి గురుత్వ కేంద్రం పైకి పోతుంది కాబట్టి మలుపుల్లో మునుపటి వేగం పనికిరాదు.

ఇంట్లో తేడా తెలిసింది అమ్మకే. మోకాళ్ల నొప్పులు, ఎక్కడానికి అడుగు ఎత్తు పెరిగింది. "ఒరేయ్, ఇంక దీన్ని పైకి లేపకురా" అంది. సైడ్ స్టెప్ పెడితే లిఫ్ట్‌తో సంపాదించిన జాగా మళ్లీ కిందికి వచ్చేస్తుంది, రాళ్లకు మొదట తగిలేది అదే. మడత పెట్టే చిన్న స్టూల్ ఒకటి వెనక సీటు కింద పెట్టాను. ఇంట్లో పెద్దవాళ్లుంటే 50 మి.మీ. కిట్ జోలికి వెళ్లకుండా 40 దగ్గరే ఆగండి. అయిదు తలుపుల జిమ్నీకి, సామాను ఓ మోస్తరుగా వేసుకుని వారాంతాల్లో రాళ్ల దారి పట్టేవాళ్లకు ఈ తరహా కిట్ నేను ధైర్యంగా కొనమంటాను. ముందు మెత్తవి, వెనక మధ్యరకం స్ప్రింగులు, క్యాస్టర్ బుష్‌లు పెట్టెలోనే ఉండాలి, పాన్‌హార్డ్ రాడ్‌కు విడిగా డబ్బు పక్కన పెట్టుకోండి.