బీపీ ఉన్నవారికి రెటీనా ఫోటో పరీక్ష: ఫోటోలు బాగున్నాయి, రిపోర్టే అరకొరగా ఉంది

ధమనులూ సిరలూ పక్కపక్కనే సాగడాన్ని ఎక్కడా కోత పెట్టకుండా ఇంత స్పష్టంగా చూడగలిగే చోటు మన శరీరంలో కంటి వెనక లోపలి పొర అయిన రెటీనాను మించి మరొకటి లేదు. 1851లో జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్, కంటి లోపలి భాగాన్ని చూసే పరికరమైన ఆఫ్తాల్మోస్కోపు గురించి ప్రకటించినప్పటి నుంచి వైద్యులు ఆ కిటికీలోంచి రక్తపోటు ప్రభావాన్ని గమనిస్తూనే ఉన్నారు. చాలాకాలంగా బీపీ మందులు వాడుతున్న నేను ఇటీవల ఒక కంటి పరీక్షా కేంద్రంలో రెటీనా ఫోటోలు తీయించుకున్నాను.

ఫోటోలు తీసే తీరులో వంక పెట్టడానికేమీ లేదు. గడ్డం ఆనించి, లోపల వెలుగుతున్న పచ్చ చుక్కను చూస్తుండగా ఒక్కసారి ఫ్లాష్ మెరిసింది; అంతటితో ఒక కన్ను పూర్తయింది. రెండో కంటి పాప చిన్నగా ఉండి ఫోటో మసకగా రావడంతో పాపను పెద్దది చేసే చుక్కల మందు వేశారు. అయితే వేయడానికి ముందే, కొన్ని గంటలపాటు దగ్గరి అక్షరాలు కనిపించవనీ వెలుతురు భరించలేమనీ సొంతంగా బండి నడపకూడదనీ టెక్నీషియన్ విడమరచి చెప్పారు. ఈపాటి మాట కూడా చెప్పని చోట్లు ఉన్నాయి.

ఈ సేవలో అన్నిటికన్నా విలువైనది, నేత్రవైద్యురాలు ఫోటోను తెరపై పెద్దది చేసి చూపించిన పది నిమిషాలు. మామూలుగా రెటీనాలో ధమని, సిర వెడల్పులు సుమారు 2:3 నిష్పత్తిలో ఉంటాయి. రక్తపోటు పెరిగితే మొదట ధమని కుంచించుకుపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ దాని గోడ మందమై, ఫోటోలో దాని మీద మెరుపు రాగి తీగలా కనిపిస్తుంది. నా కుడి కంటిలో ఒకచోట ధమని సిరను దాటుతోంది. ఎర్రగా వెడల్పుగా వస్తున్న సిర ఆ కూడలికి ముందు సన్నబడి, కొద్ది మేర మాయమై, అవతల మళ్లీ సన్నగా మొదలైంది. కూడలి దగ్గర రెండు నాళాలకూ ఒకే తొడుగు ఉంటుంది కనుక గట్టిపడ్డ ధమని సిరను నొక్కుతుందనీ, అక్కడే సిర మూసుకుపోతే ఉన్నట్టుండి చూపు మసకబారవచ్చనీ ఆమె వివరించారు. రక్తపోటు వల్ల రెటీనాలో వచ్చే మార్పులను నాలుగు దశలుగా విభజించే 1939 నాటి కీత్-వాగెనర్-బార్కర్ వర్గీకరణలో ఇది రెండో దశ. రక్తపు చారలు, దూదిపింజల్లాంటి తెల్లని మచ్చలు కనిపిస్తే మూడో దశ. దృష్టినాడి మొదలే వాచితే నాలుగోది.

ఇంత వివరంగా చెప్పిన తర్వాత చేతికిచ్చిన రిపోర్టులో మాత్రం ‘రెటీనా సాధారణం’ అనే అచ్చు వాక్యమే ఉంది. నొక్కుకుపోయిన సిర ప్రస్తావన లేదు, దశ లేదు, ఆనాటి బీపీ రాసేందుకు గడి కూడా లేదు. పైగా ‘ప్రెషర్ 16’ అని ముద్రించారు. అది కంటిలోపలి ద్రవపు ఒత్తిడి. సాధారణంగా 10 నుంచి 21 మధ్య ఉండే ఆ అంకెను చూసి రక్తపోటు సంగతి తేల్చలేము. రిపోర్టు చదివే సామాన్యుడు మాత్రం తన బీపీ అదుపులో ఉందనే అనుకుంటాడు. ఇది చిన్న లోపం కాదు. అడిగితే సరిచేసి ఇచ్చారు. ఫోటోల ఫైళ్లు కూడా అడిగితేనే ఇచ్చారు. వచ్చేసారి పోల్చి చూడాలంటే ఆ ఫైళ్లే ఆధారం కనుక వాటిని తప్పక అడిగి తీసుకోండి.

ఈ పరీక్ష నుంచి ఆశించకూడనివీ ఉన్నాయి. బీపీ ఎక్కువగా ఉన్నా రెటీనా శుభ్రంగా కనిపించేవారున్నారు. వయసు వల్ల కూడా ధమనులు సన్నబడతాయి. మొదటి రెండు దశల తేడాపై ఇద్దరు వైద్యులు ఏకీభవించకపోవడమూ మామూలే. కాబట్టి చేతికి పట్టీ కట్టి కొలిచే బీపీకి ఇది బదులు కాదు. 180/120 దాటిన బీపీతో పాటు తలనొప్పి, చూపు మసకబారడం ఉంటే ఇలాంటి కేంద్రంలో వరుసలో కూర్చోకుండా నేరుగా అత్యవసర విభాగానికే వెళ్లాలి. మిగతావారికి, ముఖ్యంగా ఏళ్ల తరబడి బీపీ ఉండి చూపులో ఏ తేడా తెలియనివారికి, వైద్యురాలి వివరణ కోసమైనా ఈ కేంద్రాన్ని సిఫారసు చేస్తాను. రిపోర్టును మాత్రం అక్కడే చదివి, ఆమె నోటితో చెప్పినవన్నీ అందులోకి ఎక్కాయని చూసుకున్నాకే బయటికి రండి.