మలేరియా టార్గెట్లు వెతికేవాళ్లకు ప్లాస్మోడీబీ ఎంతవరకు పనికొస్తుంది?

రాయగడ, గుణుపురం, కోరాపుట్ వైపు జీవశాస్త్రం పీజీ చేసే మన తెలుగు విద్యార్థులు ప్రాజెక్టు అనగానే మలేరియానే అడుగుతారు. మన్యంలో పుట్టి పెరిగినవాళ్లకు అది సహజం. పరాన్నజీవిని పెంచే ల్యాబు అందుబాటులో లేకపోయినా, కొత్త మందు ఏ ప్రోటీన్‌ను (అదే టార్గెట్) పట్టుకోవాలో ఏరే పని మాత్రం, మలేరియా పరాన్నజీవుల జన్యు సమాచారమంతా ఒకచోట ఉంచే ప్లాస్మోడీబీ వెబ్‌సైటులో చేసుకోవచ్చు.

మలేరియా పరాన్నజీవుల్లో ఒకటైన ఫాల్సిపారం జీనోం (మొత్తం జన్యు సమాచారం) 2002లో వెలువడింది. 14 క్రోమోజోములు, సుమారు 5,300 జన్యువులు. ఒక్కో జన్యువుకు ఇందులో ఒక పేజీ ఉంది. పీఎఫ్3డీ7_0417200 అనే నంబరులో 04 అంటే నాలుగో క్రోమోజోము. ఇది డీహెచ్ఎఫ్ఆర్ ఎంజైము జన్యువు. పాత పేపర్లలోని పీఎఫ్‌డీ0830డబ్ల్యూ కొట్టినా ఈ పేజీయే వస్తుంది.

సైటు సత్తా అంతా వెతుకులాటలను ఒకదానికొకటి జోడించడంలో ఉంది. ముందు ఫినోటైపు విభాగంలో పిగ్గీబ్యాక్ డేటా తెరవండి. పిగ్గీబ్యాక్ అంటే జన్యువుల్లోకి దూరి వాటిని చెడగొట్టే డీఎన్ఏ ముక్క. జన్యువు ఎంత అవసరమో చెప్పే ఎంఐఎస్ స్కోరు 0కి దగ్గరైతే, ఆ జన్యువు చెడితే రక్తదశలో (మనిషి రక్తంలో ఉన్నప్పుడు) పరాన్నజీవి బతకదని, 1కి దగ్గరైతే చెడినా ఫర్వాలేదని లెక్క. 0.2 లోపు పెట్టి, ‘యాడ్ ఎ స్టెప్’ నొక్కి, ఈసీ నంబరున్న (ఎంజైములకిచ్చే వర్గీకరణ సంఖ్య) ఎంజైములతో ఇంటర్‌సెక్ట్ చేయండి, అంటే రెండు జాబితాల్లోనూ ఉన్నవే ఉంచండి. లాగిన్ అయి సేవ్ చేసుకోవడం మరిచిపోవద్దు.

ఆ జాబితాను యథాతథంగా నమ్మితే మాత్రం బోల్తా పడతారు. పిగ్గీబ్యాక్ టీటీఏఏ అనే నాలుగక్షరాల చోటే దూరుతుంది. చిన్న జన్యువులో అలాంటి చోట్లు రెండో మూడో ఉంటే, అక్కడ దూరకపోవడం కాకతాళీయం కూడా కావచ్చు. ఎన్ని చోట్లున్నాయో చూడకుండా స్కోరు రాయకండి. పైగా ఈ డేటా రక్తదశది; కాలేయంలోనో దోమలోనో కీలకమైన జన్యువు ఇందులో అనవసరమైనదిగా కనిపించవచ్చు.

అన్నిటికన్నా చేటు చేసేది ‘మనిషిలో లేనివే ఉంచు’ అనే ఫిల్టరు. దాదాపు ప్రతి ప్రాజెక్టు రిపోర్టులోనూ ఇదే మొదటి మెట్టు. మా ఉద్దేశంలో అది తీసేయాల్సిన మెట్టు. ఒడిశా పల్లెల్లో ఏళ్ల తరబడి ఏసీటీ (ఆర్టెమిసినిన్ కలిసిన మలేరియా మందుల) ప్యాకెట్‌లో ఇచ్చిన ఎస్‌పీ (సల్ఫాడాక్సిన్-పైరిమెథమిన్) మాత్రలోని పైరిమెథమిన్ పనిచేసేది డీహెచ్ఎఫ్ఆర్ మీద. అది మనిషిలోనూ ఉంది! డీహెచ్ఓడీహెచ్ అనే ఎంజైమూ అంతే. అయినా డీఎస్ఎం265 అనే అణువు పరాన్నజీవి ఎంజైమునే పట్టుకుంటుంది, మనదాన్ని దాదాపు వదిలేస్తుంది. ఎంజైము ఉందా లేదా అన్నది కాదు, మందు కూర్చునే గుంట ఎంత వేరుగా ఉందన్నది చూడాలి.

దానికి ప్రోటీన్ ఆకారాన్ని కంప్యూటరుతో అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ నమూనా సాయపడుతుంది కానీ, ఫాల్సిపారం ప్రోటీన్లలో ఆస్పరాజిన్ అనే అమైనో ఆమ్లం వరసలు పొడుగ్గా సాగుతుంటాయి. నమూనాలో ఆ భాగాలు తక్కువ నమ్మకం రంగులో ఉంటాయి. అక్కడ డాకింగ్ (మందు అణువు ప్రోటీన్‌లో ఎలా కూర్చుంటుందో కంప్యూటరులో చూడడం) చేసి మంచి స్కోరు వచ్చిందని సంబరపడితే దండగ.

ఇంకో సంగతి. రిఫరెన్సుగా ఉన్న ఫాల్సిపారం రకం 3డీ7, నెదర్లాండ్స్‌లో ఒక రోగి నుంచి తీసిన ఎన్ఎఫ్54 అనే రకం నుంచి వచ్చిన క్లోను. కోరాపుట్ నమూనాలకు ప్రైమర్లు (పీసీఆర్‌కు వాడే చిన్న డీఎన్ఏ ముక్కలు) ఆర్డరు చేసేముందు, ఒక్కో అక్షరం తేడాలను చూపే ఎస్ఎన్‌పీ ట్రాక్ తెరిచి, ప్రైమరు కూర్చునే చోట తేడాలున్నాయేమో చూసుకోండి.

మరో మలేరియా పరాన్నజీవి వైవాక్స్ విషయంలో సైటు తేలిపోతుంది. దాని రిఫరెన్సు అయిన పీవీపీ01 జీనోం బాగానే ఉంది గానీ, వైవాక్స్‌ను ల్యాబులో నిరంతరం పెంచే పద్ధతి లేదు కాబట్టి అలాంటి ఎంఐఎస్ స్కోర్లు లేవు. ఫాల్సిపారం జాబితాను ఆర్థాలజీ (రెండు జీవుల్లో ఒకే మూలం నుంచి వచ్చిన జన్యువుల జతలు) ద్వారా మార్చుకోవడమే దారి. కాలేయంలో నిద్రపోయే వైవాక్స్ రూపమైన హిప్నోజోయిట్ మీద ప్రాజెక్టు పెట్టదలచినవాళ్లకు ఆ జాబితా సరిపోదు.